పన్ను ఎగవేత పాపమా, చట్టం దృష్టిలో నేరం మాత్రమేనా?

బెరయ విద్యార్థి (ప్రశ్న)

అందరికీ వందనాలు. పెద్దల బైబిలు తరగతిలో రోమా పత్రిక 13వ అధ్యాయం మీద రెండు వారాల పాఠం సిద్ధం చేస్తున్నాను. "పన్ను కట్టండి" అని చెప్పి దాటేస్తే కుదరదు. ఈ అధ్యాయం ఎక్కడ చదివినా అవే ప్రశ్నలు వస్తాయి. ప్రభుత్వమే డబ్బు తినేస్తుంటే తినేవాడికి మనమెందుకు కట్టాలి అంటారు కొందరు. లెక్కల్లో చూపని ఆదాయంలో కూడా దశమభాగం ఇచ్చేశాం కదా, దేవునికి చేరింది చాలదా అంటారు ఇంకొందరు. యుద్ధానికి పోయే పన్ను సంగతేమిటని అడిగేవాళ్లూ ఉంటారు. ఇవన్నీ ఒక ఎత్తు. ఏళ్ల తరబడి ఎగవేసి ఇప్పుడు మారుమనస్సు పొందినవాడు ఏం చేయాలన్నది మరో ఎత్తు. దానికి సూటిగా జవాబు చెప్పిన పుస్తకం నాకు దొరకలేదు.

పన్ను ఆదా చేసుకోవడం ఎక్కడ ఆగుతుంది, ఎగవేత ఎక్కడ మొదలవుతుంది అన్నది కూడా చెప్పగలరా? ఏ ఒక్క దేశపు సెక్షన్లూ వద్దు, ఎక్కడైనా పనికొచ్చే సంగతులు చాలు. కతోలిక, ప్రొటెస్టెంటు తేడాలుంటే అవీ రాయండి, తరగతిలో రెండు రకాలవాళ్లూ ఉంటారు.

చర్మపు కాగితాలు

రోమా 13తో మొదలుపెట్టకండి బ్రదర్. మార్కు 12:13-17తో మొదలుపెడితే "చెడ్డ ప్రభుత్వం" అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. అక్కడ యేసును చిక్కించడానికి అడిగింది తలపన్ను గురించి. క్రీ.శ. 6లో యూదయ నేరుగా రోము పాలనలోకి వచ్చినప్పుడు పన్ను కోసం జనసంఖ్య రాశారు. దాని మీద తిరగబడ్డవాడే గలిలయుడైన యూదా, అపొస్తలుల కార్యములు 5:37లో కనిపిస్తాడు. అంటే అది పరాయి రాజ్యం బలవంతంగా వేసిన పన్ను. చేతిలో పెట్టిన దేనారము అనే వెండి నాణెం మీద తిబెరి చక్రవర్తి బొమ్మ, పక్కనే అతను "దేవుడైన ఔగుస్తు కుమారుడు" అని రాత. కట్టమంటే జనం మండిపడతారు, వద్దంటే రోము అధికారికి పట్టిస్తారు. "కైసరువి కైసరునకును దేవునివి దేవునికిని చెల్లించుడి" అన్న మాట అలాంటి పన్ను గురించి వచ్చింది. ఇంతకన్నా చెడ్డ ప్రభుత్వాన్ని ఉదాహరణగా తేవడం ఎవరికైనా కష్టమే.

అయితే ఆ వాక్యంలో రెండో సగం కూడా ఉంది. ఆదిమ సంఘ రచయిత తెర్తుల్లియను దాన్ని ఇలా విడమరిచాడు: నాణెం మీద కైసరు బొమ్మ ఉంది కనుక నాణెం కైసరుకు, మనిషి మీద దేవుని స్వరూపం ఉంది కనుక మనిషి దేవునికి. డబ్బు అడిగితే ఇవ్వు, ఆరాధన అడిగితే ఇవ్వకు అని దాని సారం. ఆదిమ సంఘం సరిగ్గా అలాగే నడిచింది. చక్రవర్తికి ధూపం వేయమంటే ప్రాణాలిచ్చారు గాని పన్ను ఎగ్గొట్టలేదు. రెండో శతాబ్దం నడుమ క్రైస్తవ రచయిత జస్టిన్ తన మొదటి విన్నపంలో, మామూలు పన్నులైనా అదనపు పన్నులైనా అందరికన్నా ముందుగా కట్టేది మేమేనని చక్రవర్తికి రాశాడు. 197 ప్రాంతంలో తెర్తుల్లియను లెక్కే వేసి చూపాడు: మా వల్ల గుడి హుండీలకు తగ్గిన రాబడి, మేం మోసం లేకుండా కట్టే పన్నులతో పూడిపోతుందన్నాడు.

రోమా 13కి వచ్చేసరికి కాలం చెప్పండి. ఆ పత్రిక దాదాపు 57లో రాసింది, సింహాసనం మీద నీరో ఉన్నాడు. మరుసటి ఏడాది 58లో సుంకం గుత్తేదారుల దౌర్జన్యం మీద రోములో జనం గగ్గోలు పెడితే, నీరో సుంకాలన్నీ ఎత్తేయాలని ఆలోచించాడని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. కాబట్టి పౌలు పన్నునూ సుంకాన్నీ విడివిడిగా పేర్కొని రెండూ కట్టమన్నది, వసూలు విధానం సవ్యంగా ఉన్న రోజుల్లో కాదు. 5వ వచనం తప్పకుండా చదివించండి. శిక్ష భయంతోనే గాక "మనస్సాక్షిని బట్టియు" లోబడమంటుంది. "దొరక్కపోతే తప్పు లేదు" అన్న వాదన ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది.

తరగతిలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మత్తయి 17:24-27లో చేప నోట దొరికిన షెకెలును ప్రభుత్వ పన్నుకు రుజువుగా చూపుతారు. అది దేవాలయపు అరషెకెలు పన్ను, మూలం నిర్గమకాండము 30:13. పైగా అక్కడ యేసు కుమారులు స్వతంత్రులంటాడు, అయినా అభ్యంతరం కలగకూడదని ఇద్దరి తరఫునా కట్టిస్తాడు. అక్కడినుంచి తీసుకోదగ్గది ఒకటే: మినహాయింపు న్యాయమైనదే అయినా ప్రతిసారీ దాన్ని పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

అలాగని బైబిలు రాజుల పక్షం వహించిందని చెప్పకండి. 1 సమూయేలు 8లో రాజు పదో వంతు లాక్కుంటాడన్న హెచ్చరిక ఉంది. 1 రాజులు 12లో రెహబాము భారం తగ్గించనన్నాడు, వెట్టిపని మీద అధికారి అదోరామును జనం రాళ్లతో కొట్టి చంపారు, రాజ్యం రెండు ముక్కలైంది. ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ కూడా రాజుల ఆదాయం దాదాపు ప్రజల రక్తమేనని, దుబారా చేస్తే అది క్రూరత్వమని తన 'ఇన్‌స్టిట్యూట్స్' పుస్తకంలో, పన్ను న్యాయమేనని చెప్పిన చోటే రాశాడు. విమర్శించడం, మార్చమని పోరాడడం, ఓటు వేయడం అన్నీ విశ్వాసికి తెరిచే ఉన్నాయి. దొంగ లెక్క మాత్రం ఈ జాబితాలోకి రాదు.

జపమాల

కతోలిక పక్షం నేను చెబుతాను. ఇందులో పైకి కనిపించనంత గొడవ ఉంది.

1992 నాటి కతోలిక సంఘ ధర్మోపదేశం 2240వ పేరాలో పన్ను కట్టడం నైతిక బాధ్యత అంటుంది. 2409లో పన్ను ఎగవేతను దొంగ చెక్కులు, దొంగ ఇన్‌వాయిస్‌లతో కలిపి ఏడవ ఆజ్ఞ కింద పెట్టింది, అంటే దొంగతనం కింద. (మీ తరగతిలో ఇక్కడ తికమక వస్తుంది. కతోలికులకూ లూథరన్లకూ దొంగిలకూడదు అన్నది ఏడవది, మిగతా ప్రొటెస్టెంట్లకు ఎనిమిదవది. అంకె చెప్పకుండా ఆజ్ఞ చెప్పండి.) 1965లో రెండవ వాటికన్ మహాసభ కూడా న్యాయమైన పన్నులు తప్పించుకోడానికి మోసాలు చేసేవారిని పేరు పెట్టకుండా గట్టిగానే మందలించింది.

ఆ "న్యాయమైన" అన్న విశేషణం ఊరికే రాలేదు. మధ్యయుగపు కతోలిక వేదాంతి థామస్ అక్వినాస్ ప్రకారం చట్టం మనస్సాక్షిని కట్టాలంటే (అంటే మీరడం పాపం కావాలంటే) మూడు ఉండాలి: ఉద్దేశం అందరి మేలు కావాలి, చేసినవాడికి ఆ అధికారం ఉండాలి, భారం తగిన పాళ్లలో పంచాలి. పాలకుడు న్యాయం తప్పి లాక్కుంటే అది దోపిడీయేనని, తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత పాలకుడి మీదే ఉంటుందని కూడా రాశాడు. ఈ మాట పట్టుకుని "మా ప్రభుత్వం అన్యాయమైనది, కాబట్టి నేను కట్టను" అనేవాళ్లు ఆయనే రాసిన ఇంకో మాటను వదిలేస్తారు. అన్యాయమైన చట్టమైనా ఇతరులకు అభ్యంతరమో, కల్లోలమో కలుగుతుందనుకుంటే పాటించాల్సి రావచ్చంటాడు, అంగీ అడిగినవానికి పైవస్త్రమూ ఇవ్వమన్న మత్తయి 5:40ని చూపిస్తాడు.

గొడవ అసలు తర్వాతి శతాబ్దాల్లో వచ్చింది. కొన్ని చట్టాలు మనస్సాక్షిని కట్టవు, పట్టుబడితే జరిమానా కట్టే బాధ్యతే ఉంటుంది అన్న వాదం బయల్దేరింది. 1612లో కతోలిక వేదాంతి ఫ్రాన్సిస్కో సువారెజ్ ఇలాంటి చట్టాలుంటాయని సమర్థించాడు. తర్వాతి నైతికశాస్త్ర పండితుల్లో చాలామంది దీన్ని సరిహద్దు సుంకాల్లాంటి పరోక్ష పన్నులకు వర్తింపజేశారు, ఆదాయం మీద, ఆస్తి మీద వేసే ప్రత్యక్ష పన్నులను వదలలేదు. "పట్టుబడితే కడతాలే" అన్న మాటకు వంశవృక్షం ఇదే. ఇప్పుడు ఆ వాదానికి పెద్దగా బలం లేదు. కారణం సులువు: పన్ను డబ్బుతో ఆసుపత్రి, రోడ్డు, బడి నడుస్తున్నప్పుడు నేను కట్టనిది పక్కవాడి మీద పడుతుంది. రాజుగారి విలాసాలకు సుంకం పోయిన రోజుల్లో పుట్టిన వాదం ఇక్కడ అతకదు.

ఒకవేళ పన్ను నిజంగానే అన్యాయమైనదనుకుందాం. రిటర్ను మీద "ఇందులో ఉన్నదంతా నిజం" అని సంతకం చేసి అబద్ధం రాస్తే, అబద్ధ సాక్ష్యం అన్న రెండో తప్పు అలాగే మిగులుతుంది. చాలామంది దొంగతనం గురించి వాదిస్తారు గాని దీనికి జవాబు చెప్పరు.

కత్తి వరలో

పై ఇద్దరితో ఒక విషయంలో తేడా ఉంది. కట్టకపోవడమంతా ఎగవేత కాదు.

యుద్ధంలో పాల్గొనని, శాంతి సంఘాలని పిలిచే క్వేకర్లు, మెన్నోనైట్లు, హుట్టరైట్లలో యుద్ధ పన్ను నిరాకరణకు పాత చరిత్ర ఉంది. హుట్టరైట్లు దాన్ని రక్తపు సొమ్మనేవారు. 1755లో పెన్సిల్వేనియాలో జాన్ వుల్మన్, ఇంకొందరు క్వేకర్లు యుద్ధ ఖర్చు కోసం వేసిన పన్ను కట్టలేమని బహిరంగంగా ఉత్తరం రాశారు. 1982లో సియాటిల్ కతోలిక అగ్రపీఠాధిపతి రేమండ్ హన్‌థౌసెన్ అణ్వాయుధాలకు నిరసనగా తన ఆదాయపు పన్నులో సగం ఆపుతున్నానని ముందే ప్రకటించాడు. ప్రభుత్వం ఆయన జీతంలోంచి పట్టుకుంది.

వీళ్లలో ఎవరూ ఆదాయం దాచలేదు. ఎంత రావాలో చూపించారు, ఎంత కట్టడం లేదో చెప్పారు, ఎందుకో రాశారు, జప్తుకు సిద్ధపడ్డారు. నాలుగింట్లో ఏది తగ్గినా అది మనస్సాక్షి నిరాకరణ అనిపించుకోదు. ఆపిన మొత్తం సొంతానికి వాడుకోకుండా విడిగా ఖాతాలో ఉంచడమో, సేవా సంస్థకు ఇవ్వడమో చేస్తారు. లేకపోతే లాభానికి చేశాడన్న అనుమానం పోదు.

న్యాయస్థానాలు దీన్ని ఒప్పుకుంటాయని మాత్రం ఆశపెట్టకండి. 1982లోనే అమెరికా సుప్రీంకోర్టులో అమిష్ అనే క్రైస్తవ శాఖకు చెందిన యజమాని ఎడ్విన్ లీ కేసు వచ్చింది. పనివారి సామాజిక భద్రతా పన్ను కట్టడం తన విశ్వాసానికి విరుద్ధమన్నాడు. విశ్వాసం నిజమైనదేనని కోర్టు ఒప్పుకుంది, అయినా ప్రతి శాఖా తన పన్ను తానే ఎంచుకుంటే వ్యవస్థ నడవదని తీర్పిచ్చింది.

సుంకపు మెట్టు

సిద్ధాంతం పైవాళ్లు చెప్పారు. నేను లెక్కల వైపు నుంచి రాస్తాను.

ఆదాకూ ఎగవేతకూ గీత ఇలా గీయండి. చట్టం ఇచ్చిన మినహాయింపు, నిజంగా జరిగిన ఖర్చు, నిజమైన తేదీ, నిజమైన పేరు: ఇవి ఉంటే ఆదా. వాస్తవాన్ని మార్చి రాస్తే ఎగవేత. తరగతిలో ఒక పరీక్ష చెప్పొచ్చు: మొత్తం కాగితాలు అధికారి బల్ల మీద పెట్టి, అడిగినవన్నీ చెప్పినా ఆ మినహాయింపు నిలుస్తుందా? అధికారికి తెలియకపోవడం మీదే నిలబడితే అది ఆదా కాదు. మధ్యలో ఒక బూడిద రంగు మేర ఉంటుంది. అక్షరాలా చట్టబద్ధమే గాని, పన్ను తప్పించడం తప్ప వేరే పని లేని కాగితపు కంపెనీల వంటివి. అక్కడ క్రైస్తవులు ఏకాభిప్రాయంతో లేరు. అది నేరం కాకపోవచ్చు, పొరుగువాని మీద భారం తోసే తీరు మాత్రం అదే.

సంఘాల్లో కనిపించే రకాలు వేరు, ఇవి పాఠంలో పేరు పెట్టి చెప్పాలి. వంద కానుక ఇచ్చి అయిదు వందలకు రసీదు తీసుకోవడం. ఇచ్చిన చెక్కులో కొంత రొక్కంగా తిరిగి పుచ్చుకోవడం. ఏడాది గడిచాక పాత తేదీ వేసి రసీదు రాయడం. కాపరి ఇంటి ఖర్చులు సంఘం ఖాతాలోంచి కడుతూ ఆయన ఆదాయంలో చూపకపోవడం. జీతం తీసుకునేవాళ్లను "సేవకులు, స్వచ్ఛంద పనివారు" అని రాసి జీతంలోంచి కోయాల్సిన పన్ను కోయకపోవడం. అమెరికాలో కెంట్ హోవిండ్ అనే ప్రచారకుడు ఈ చివరి దానితో పాటు ఇతర ఆరోపణల మీద 2006లో 58 అభియోగాల్లో దోషిగా తేలి, పదేళ్ల జైలు శిక్ష పొందాడు. పనివాళ్లు మిషనరీలని, ఆస్తి దేవునిదని చేసిన వాదన కోర్టులో నిలవలేదు. దొంగ రసీదులో ట్రెజరర్ సంతకం ఉంటుంది కనుక పాపం ఇద్దరిదీ, కేసు కూడా ఇద్దరి మీదా. సంఘానికున్న పన్ను మినహాయింపే రద్దయ్యే ప్రమాదం అదనం.

అన్నిటికన్నా బరువైనది వేరే ఉంది. కొనేవారి దగ్గర వసూలు చేసిన అమ్మకపు పన్ను, పనివారి జీతంలోంచి కోసిన పన్ను కట్టకుండా వాడుకోవడం. అది ఎప్పుడూ మీ డబ్బు కాదు, మధ్యలో చేతిలో ఉందంతే. వ్యాపారం ఇరుకున పడ్డప్పుడు "వచ్చే నెల కడదాం" అని మొదలయ్యేది ఇదే, రెండు మూడు విడతలయ్యాక పూడ్చలేనంత అవుతుంది. అందుకే వసూలైన రోజే విడి ఖాతాకు పంపాలి. పనివారికి ఇవ్వకుండా ఆపిన కూలి మొరపెడుతుందన్న యాకోబు 5:4ను ఇక్కడ చదివించండి.

కొనేవాడికీ బాధ్యత ఉంది. 1743లో జాన్ వెస్లీ మెథడిస్టు సంఘాలకు రాసిన సాధారణ నియమాల్లో, సుంకం కట్టని సరుకు అమ్మడమే కాదు, కొనడమూ నిషేధించాడు. బిల్లు లేకుండా తగ్గింపు ధరకు కొనేవారికి ఇది సూటిగా తగులుతుంది.

ఇక మారుమనస్సు పొందినవాడి సంగతి. ముందు చేయకూడనివి: పాత పుస్తకాలు దిద్దకూడదు, చింపకూడదు, కొత్త తేదీలతో ఒప్పందాలు తయారు చేయకూడదు. పశ్చాత్తాపంతో మొదలుపెట్టి సాక్ష్యం చెరిపిన కేసుగా ముగిసేది ఇక్కడే. తర్వాత ఏడాదికో కాగితం పెట్టి మూడు గడులు గీయాలి: చూపింది, నిజంగా వచ్చింది, తేడా. బ్యాంకు స్టేట్‌మెంట్లు, అమ్మకం చీటీలు, ఇంటి ఖర్చు పోల్చితే రొక్కం తేడా బయటపడుతుంది. ఆ తేడా పట్టుకుని పన్ను కేసులు చూసే లాయరు దగ్గరికి పోవాలి. చాలా దేశాల్లో స్వచ్ఛందంగా వెల్లడించే దారి ఉంది, అది సాధారణంగా నోటీసు రాకముందే పనిచేస్తుంది. వచ్చాక వెళ్తే జరిమానా తగ్గింపు పోవచ్చు, క్రిమినల్ కేసు భయం పెరుగుతుంది. వెల్లడిస్తే అంతా వెల్లడించాలి. రెండేళ్లు ఒప్పుకుని మూడేళ్లు దాచేవాళ్లు ఎక్కువ, అది దొరికితే మొదటి ఒప్పుకోలు కూడా మోసంలాగే కనిపిస్తుంది. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగొచ్చు.

ఎంత కట్టాలి అంటే చట్టం చెప్పిన అసలు, వడ్డీ, జరిమానా. లేవీయకాండము 6:5లో అసలుతో పాటు అయిదో వంతు, లూకా 19లోని సుంకరి జక్కయ్య మాటలో నాలుగంతలు ఉన్నాయి గాని వాటిని నేటి పన్నుకు రేటుగా వాడొద్దు. జక్కయ్య నాలుగంతలు తానే ఎంచుకున్నాడు, అదీ తాను అన్యాయం చేసిన మనుషులకు.

బెరయ విద్యార్థి

చాలా వివరంగా రాశారు, వందనాలు. ఇంకో రెండు సందేహాలు. ముందు కాపరికి చెప్పాలా, లాయరుకా? ఎగవేసిన డబ్బులోంచి ఇచ్చిన దశమభాగం సంఘం తిరిగి ఇవ్వాలా?

జపమాల

మొదటిదానికి: కతోలిక పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పింది గురువు ఎవరికీ చెప్పకూడదు, సంఘ చట్టంలోని 983వ కానను దాన్ని పూర్తిగా నిషేధిస్తుంది. క్షమాపణకు నష్టం తిరిగి చెల్లించే నిశ్చయం ఉండాలి, అంటే "పాపం చెప్పుకున్నాను, డబ్బు మాత్రం నా దగ్గరే ఉంటుంది" కుదరదు. పాపసంకీర్తనం బయట, మాటల్లో చెప్పిన సంగతికి ఆ ముద్ర లేదు.

సుంకపు మెట్టు

ప్రొటెస్టెంటు కాపరికి చెప్పిన మాటకు చట్టం రక్షణ ఇస్తుందా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అంకెలు, పేర్లు, ఖాతాలు లాయరుకు మాత్రమే చెప్పాలి. కాపరికి "లెక్కల్లో తప్పు చేశాను, సరిచేస్తున్నాను, ప్రార్థించండి" అంటే చాలు. కూటంలో నిలబడి సాక్ష్యం చెప్పడం కేసు ముగిశాకే.

దశమభాగం విషయంలో అంకెలతో చూడండి. వంద దాచాడు, దాని మీద పన్ను ఇరవై, దశమభాగంగా పది ఇచ్చాడు. ప్రభుత్వానికి ఇంకా ఇరవై బాకీయే. ఆ పది ఇందులోంచి తగ్గదు, ఎందుకంటే అప్పు ఇచ్చినవాడు ఒకరు, డబ్బు చేరింది ఇంకొకరికి. సంఘం తెలియక తీసుకుంటే సాధారణంగా తిరిగి ఇవ్వక్కర్లేదు. బాకీ తీర్చడానికి అతని దగ్గర నిజంగా ఏమీ లేకపోతే పెద్దలు ఆ పది వెనక్కి ఇవ్వడం మంచి పని, తప్పనిసరి కాదు. తెలిసి తీసుకుని ఉంటే మాత్రం సంఘం కూడా లాయరును కలవాలి. అతను ఆ పది మీద మినహాయింపు కోరి ఉంటే ఆ ఏడాది రిటర్నులో అది కూడా చూసుకోవాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. బాకీ తీరేదాకా కొత్త కానుకలు పెంచొద్దని కూడా చెప్పండి.

పేరు చెప్పకుండా పంపేస్తే సరిపోదా అని తరగతిలో ఎవరైనా అడుగుతారు. అమెరికా ఖజానాలో 1811 నుంచి "మనస్సాక్షి నిధి" ఉంది, మొదట వచ్చింది అయిదు డాలర్లు. పేరు లేకుండా పంపితే డబ్బు చేరుతుంది గాని పన్ను ఖాతాలో బాకీ రద్దవదు, తర్వాత నోటీసు వస్తే కట్టానని చూపడానికి రసీదూ ఉండదు. చిన్న మొత్తాలకు, పాత కాలపు తప్పులకు మనసు తేలికపడొచ్చు. పెద్ద మొత్తమైతే పేరుతోనే వెళ్లాలి.